ఎడమ పక్కకు తిరిగి పండుకోమన్న మా అత్తగారు

దోర్నపాల్ బజారులో ‘జగర్గుండా షావుకారమ్మ’ అంటే ఎరగనివారు లేరు. ఆ షావుకారమ్మ, మా అత్తగారు శ్రీమతి సుభద్రమ్మ గారు, పోయిన నెల ఒక మధ్యాహ్నం మా దుకాణంలోనే, చింతపండు బస్తాకు ఆనుకొని కూర్చున్నవారు కూర్చున్నట్టే కన్నుమూశారు. నేను అప్పుడు పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. “అమ్మ లేస్తలేదు” అని మా ఆయన కేక పెడితే, ఈయనకేమైనా మతిపోయిందా, ఇంటిల్లిపాదికంటే ముందు లేచేది ఆమే కదా అనుకున్నాను. తడి చీర చేత్తో పట్టుకొనే దుకాణంలోకి పరుగెత్తాను. మంచినీళ్ళు తెచ్చేలోపే అంతా అయిపోయింది. నెల గడిచినా నా గుండె దడ తగ్గలేదు. తగ్గిందని నటించడం కూడా నాకు రాదు.

మాసికం నాడు బంధుమిత్రులకు పంచే చిన్న పుస్తకంలో అత్తగారి గురించి నాలుగు మాటలు రాయమని మామగారు నాకు చెప్పారు. ఆమె నోముల గురించి, అన్నదానాల గురించి రాస్తే బాగుంటుందని మిగతా పెద్దలు సూచించారు. అవన్నీ నిజమే, చేశారు. కానీ ఈ వేళ నా పెద్దపేగు నా పొట్టలోనే ఉండి, నేను కుదురుగా కూర్చొని ఈ కాగితం మీద రాయగలుగుతున్నానంటే అది ఆ మహాతల్లి చలవ. ఆ సంగతి దాచిపెట్టి అన్నదానాల గురించి రాయడం నా వల్ల కాదు. చదివేవారికి సిగ్గనిపిస్తే ఈ పేజీలు తిప్పేయవచ్చు.

సుభద్రమ్మ గారు భోపాలపట్నం వర్తక కుటుంబంలో జన్మించారు. పెళ్ళయి జగర్గుండాకు వచ్చేనాటికి అక్కడ మహావైభవంగా సంత సాగేదట. చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ, తేనె, చుట్టుపక్కల అడవి పంటంతా అక్కడికే చేరేదట. తరువాత అడవిలో తుపాకుల గొడవల కాలం వచ్చి దారులు తెగిపోయాయి. ఉప్పు రావాలన్నా కాపలాతో వచ్చే లారీలే దిక్కయ్యాయి. సరుకు కోసం బయలుదేరిన మామగారు ఎప్పుడు తిరిగివస్తారో, అసలు వస్తారో రారో తెలియని రోజులవి. ఆ రోజుల్లో ఆమెకు గడపలో నిలబడి దారి చూడడం అలవాటైంది. ఆ ఊరు వదిలి దోర్నపాల్ వచ్చి, పెద్ద రోడ్డు పక్కన ఇల్లు కట్టుకున్నా అలవాటు మాత్రం వదలలేదు. పాలకు వెళ్ళిన మనిషి కాస్త ఆలస్యమైతే చాలు, “ఏడికి పోయిండు? ఇంకా రాకపాయెనేంది?” అని ఇంట్లోకీ బయటికీ కాలుగాలిన పిల్లిలా తిరిగేవారు. “బర్రె ఇయ్యాల పాలిచ్చుడు ఆలస్యం చేసిందేమో, పోయి దాన్నే అడుగు” అని మామగారు నవ్వేవారు. ఆమెకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఆమె నియమనిష్ఠలు కూడా ఆ భయంలోంచే పుట్టాయని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. రోడ్డు ఆమె చేతిలో లేదు, తుపాకులు ఆమె చేతిలో లేవు. నీళ్ళు, శుభ్రం, మడి మాత్రం ఆమె చేతిలో ఉన్నాయి. మా ఇంట్లో దొడ్డికి వెళ్ళినవారు ఎవరైనా సరే, తలమీంచి నీళ్ళు పోసుకొని బట్ట మార్చుకున్నాకే నడిమి గదిలో కాలు పెట్టాలి. ఆ గది పక్కనే దేవుడి గది. “కలెక్టరొచ్చినా గంతే” అనేవారు. కలెక్టరు ఎన్నడూ రాలేదు గాని, వచ్చుంటే పాపం ఆయనకూ చెంబెడు నీళ్ళు తప్పేవి కావు.

నేను భద్రాచలం పక్క పల్లె నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా పాప పాలు మానే సమయానికి నాకు విరేచనాలతో నెత్తురు పడడం మొదలైంది. ఎవరితో చెప్పుకునే సంగతా అది? చెప్పలేదు. తగ్గిపోతుందిలే అనుకున్నాను. తగ్గకపోగా రోజుకు లెక్కలేనన్ని సార్లు పరుగెత్తాల్సి వచ్చేది, వెళ్ళిన ప్రతిసారీ తలస్నానం. జుట్టు ఆరేలోపు మళ్ళీ తడిసేది. ఒకనాడు అత్తగారు బావి దగ్గరికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకొని, “ఏందే వసంతా, బాతు లెక్క ఎప్పుడు జూసినా నీళ్ళల్లనే ఉంటున్నవ్?” అన్నారు. నేను భోరున ఏడ్చేశాను. చెప్పాల్సినదంతా ఆ ఏడుపులోనే చెప్పాను. ఆమె ముఖంలో రంగు పోయింది. మర్నాడు పొద్దున్నే నన్నూ మా ఆయన్నూ జగదల్‌పూర్ బస్సెక్కించారు.

జగదల్‌పూర్‌లో డాక్టరుగారు గొట్టం పంపి లోపల చూశారు. పెద్దపేగు కింది భాగమంతా పుండ్లు పడిందని, దీన్ని అల్సరేటివ్ కొలైటిస్ అంటారని, వేళ్ళతో సహా పోయే జబ్బు కాకపోయినా అదుపులో పెట్టుకోవచ్చని చెప్పారు. మాత్రలు రాశారు. వాటితోపాటు మలద్వారం గుండా లోపలికి ఎక్కించుకునే ఎనిమా మందు, రోజుకొక సీసా, రాశారు. పుండ్లు చివర్లోనే ఉన్నాయి కాబట్టి ఆ మందే ముఖ్యమట. దాన్ని ఎలా వాడాలో మా ఆయన్ను వసారాలోకి పిలిచి హిందీలో వివరంగా చెప్పారట. మా ఆయన ఆ వివరమంతా మోసుకొచ్చి, తిరుగు బస్సులో కిటికీలోంచి చెట్లను చూస్తూ నాతో అన్నది ఒకటే మాట. “మాత్రలు మింగాలంట. సీసాలది... అటునుంచి పోసుకోవాలంట.”

సరే, పోసుకున్నాను. రోజూ దీపాలు పెట్టాక పెరటి స్నానాల గదిలోకి వెళ్ళడం, మందు ఎక్కించుకోవడం, ముట్టరాని చోటు ముట్టుకున్నాను కాబట్టి వెంటనే నిలబడి తలమీంచి నీళ్ళు పోసుకోవడం, చీర మార్చుకొని ఇంట్లోకి రావడం. మా వైపు జనానికి సూది మీద ఎంత నమ్మకమో తెలిసిందే కదా. సూది గుచ్చితే మందు ఒంట్లోకి పోయినట్టే. ఇదీ అంతేనని, లోపలికి వెళ్ళిన మందు తన పని తాను చూసుకుంటుందని నేను అనుకున్నాను. అత్తగారు కూడా అలాగే అనుకున్నారు. నెలలు గడిచాయి. నెత్తురు ఆగలేదు. గాజులు మోచేతి దాకా జారేంతగా చిక్కిపోయాను. పాపను ఎత్తుకుంటే కళ్ళు తిరిగేవి. రాత్రిపూట పాప చెయ్యి పట్టుకొని, దీన్ని ఎవరి చేతుల్లో పెట్టిపోతానో అని వణికిపోయేదాన్ని.

రెండోసారి జగదల్‌పూర్‌కు అత్తగారు కూడా వచ్చారు. పరీక్షలు చూసి డాక్టరుగారు పెదవి విరిచారు. “మందు పట్టడం లేదు. రాయ్‌పూర్ తీసుకెళ్ళండి. అక్కడ ఇంకా గట్టి మందులున్నాయి. వాటికీ లొంగకపోతే పెద్దపేగు తీసేయాల్సి వస్తుంది” అన్నారు. పేగు తీసేశాక మనిషి ఏమవుతుంది? ఎలా తింటుంది, ఎలా బతుకుతుంది? ఆయన రాయ్‌పూర్‌కు చీటీ రాస్తూ, తల ఎత్తకుండానే, “ఎనిమా మందు ఎంతసేపు లోపల నిలుస్తోంది?” అని హిందీలో అడిగారు.

మా ఆయన గోడ మీది క్యాలెండరు చూడసాగారు. నేను తల దించుకున్నాను. అత్తగారు తన సంత హిందీలో టక్కున జవాబిచ్చారు. “నిలుచుడేంది సాబ్? వేసుకున్నంక వెంటనే తలకు పోసుకుంటది. మా ఇంట్ల పద్ధతి గది. ఒంట్ల ఎంత బాగలేకున్నా మా కోడలు ఒక్కనాడు నియమం తప్పలే.” ఆ గొంతులో గర్వం వినిపించింది. డాక్టరుగారు కలం కింద పెట్టేశారు. ఆ మందు పుండ్లకు అంటుకొని రాత్రంతా లోపలే ఉండాలని, వేసుకున్నాక ఎడమ పక్కకు తిరిగి కదలకుండా పడుకోవాలని, లేచి నిలబడి స్నానం చేస్తే అది నీళ్ళతోపాటు కాలువలోకి పోతుందని నిదానంగా చెప్పారు. ఇన్నాళ్ళూ అలాగే పోయిందన్నమాట. రాయ్‌పూర్ చీటీని పక్కన పెట్టి, “ముందు మందును సరిగ్గా వాడి రండి, అప్పుడు చూద్దాం. ఈ మధ్యలో నెత్తురు ఎక్కువైనా జ్వరం వచ్చినా ఆగకుండా రండి” అన్నారు.

తిరుగు బస్సులో అత్తగారు, ఎప్పుడూ కండక్టరును ప్రశ్నలతో చంపే మనిషి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకొని ముందు సీటు వెనకభాగాన్ని చూస్తూ కూర్చున్నారు. నాకు భయం వేసింది. ఇంటికెళ్ళాక మా ఆయన పని అయిందనుకున్నాను. కాదు. ఇంటి ముందు దిగగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా సరాసరి నడిమి గదిలోకి నడిచారు. మేమంతా గుడ్లప్పగించి చూశాం. తన మంచం మీది పరుపు దులిపి, పాత చీరలు మడతపెట్టి పరిచి, ఇంట్లో అందరినీ కేకేశారు.

“అందరు ఇనుండ్రి. ఇయ్యాల్టి సంది వసంత మందు ఈ మంచం మీదనే వేసుకుంటది. తెల్లారిందాక ఈన్నే పండుకుంటది. స్నానం పొద్దుగాల చేస్తది. నడుమల దాన్ని ఎవ్వరు లేపొద్దు, ఎవ్వరు పిలవొద్దు.”

అప్పుడు మామగారి అక్కయ్య, మేము పెద్దత్త అని పిలిచే ఆమె, మా ఇంట్లోనే ఉన్నారు. ఆమె ముక్కు మీద వేలేసుకున్నారు. “ఏంది సుభద్రా, దేవుని అర్ర పక్కన గీ పనులేంది? ఇల్లంత మైల చేస్తవా?” అన్నారు. ఆడబిడ్డ మాటకు ఎన్నడూ ఎదురాడని అత్తగారు ఆ రోజు ఆడారు. “వదినా, నా పద్ధతే దీన్ని చంపబోయింది. మైల గియిల అంటితే నాకే అంటనియ్యి. దేవుడు కోపం జేస్తే నన్ను జెయ్యమను” అన్నారు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె కళ్ళలో నీళ్ళు చూడడం అదే మొదలు.

ఆ రోజు నుంచి సాగిన శుశ్రూషను ఏమని వర్ణించను? భోజనాలయ్యాక ఆమె సీసాను అరచేతుల మధ్య పెట్టుకొని చలి తగ్గేదాకా పట్టుకునేవారు, బాగా కుదిపి ఇచ్చేవారు. “ఎడమ పక్కకు తిరుగు. కుడి మోకాలు ముడువు. జల్ది పడకు, మెల్లగ” అని చెప్పి, తాను గుమ్మంలో పీట వేసుకొని అటు తిరిగి కూర్చునేవారు. మొదట్లో పుండ్లు పచ్చిగా ఉండడం వల్ల మందు నిలిచేది కాదు. దగ్గితే పోయేది, తుమ్మితే పోయేది, ఊరికే ఒత్తిగిలినా పోయేది. ఆమె పరుపుకు మరకలు పడ్డాయి, ఉతికినా పోని మరకలు. నేను సిగ్గుతో చచ్చిపోయి, “నా వల్ల కాదు అత్తమ్మా, ఆపుకోలేకపోతున్న” అంటే, “నువ్వు మాట్లాడకు. మాట్లాడితే పొట్ట కదులుతది. నేను మాట్లాడత, నువ్వు ఇను” అనేవారు. జగర్గుండా సంత గురించి, పట్నం సేట్లతో తాను చేసిన బేరాల గురించి, పెళ్ళిలో మామగారి తలపాగా మూడుసార్లు ఊడిపోవడం గురించి చెప్పుకుంటూ పోయేవారు. కథలో పడి నేను పేగును మరిచిపోయేదాన్ని. మొదట అన్నాలు తిన్న గిన్నెలు కడిగేంతసేపు నిలిచింది. పోను పోను తెల్లవార్లూ నిలవసాగింది.

నెత్తురు తగ్గింది. తరువాత ఆగింది. మళ్ళీ గొట్టం పంపి చూసిన డాక్టరుగారు రాయ్‌పూర్ మాట ఎత్తలేదు. ఆయన గదిలోంచి బయటికి వచ్చాక అత్తగారు ఆసుపత్రి మెట్ల మీద కూలబడి, అక్కడి పల్లీల బండి దగ్గర పల్లీలు కొనుక్కొని ఒక్కరే అన్నీ తినేశారు. రోజంతా ఏమీ తినలేదట, నా ఫలితం తెలిసేదాకా.

ఆమె ఆదుర్దా మాత్రం అక్కడితో ఆగలేదు. ఈ జబ్బు మళ్ళీ తిరగబెట్టవచ్చని డాక్టరు అన్న మాట ఆమె గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. దీపాలు పెట్టగానే, ఎవరున్నారు ఎవరు లేరని చూడకుండా, “మందు వేసుకుంటివా?” అని దుకాణంలోంచి కేక పెట్టేవారు. నా అన్నకు పిల్లనిచ్చే విషయం మాట్లాడడానికి మా ఇంటికి వచ్చిన కొత్త చుట్టాల ముందు కూడా అలాగే అరిచారు. నేను భూమిలోకి దిగిపోయాను. మందు జగదల్‌పూర్ నుంచి బస్సులో రావాలి. ఒకసారి వేసవిలో, సీసాలకు బదులు వాడమని ఇచ్చిన చిన్న గుళికలు ఇంజను వేడికి కరిగి ముద్దయి వచ్చాయి. ఆ కండక్టరుకు అత్తగారు పెట్టిన చీవాట్లు దోర్నపాల్ బస్టాండు ఇంకా మరిచిపోయి ఉండదు. ఆనాటి నుంచి తడిగుడ్డ చుట్టిన స్టీలు డబ్బా ఒకటి ఆ బస్సులోనే తిరిగింది. బంద్ అని బస్సులు ఆగితే ఆమెకు అన్నం సహించేది కాదు. ఇంట్లో మందు నిలవ ఉన్నా సరే, గడపలో నిలబడి రోడ్డు చూసేవారు.

ఇంకొక సంగతి చెప్పాలి. ఒకనాడు చింతపండు అమ్మడానికి అడవి లోపలి ఊరి ఇల్లాలొకామె వచ్చింది. కాటా దగ్గర నిలబడలేక మాటిమాటికీ దుకాణం వెనక్కి వెళ్ళివస్తోంది. అత్తగారు గోండీలో ఆమెను ఏదో అడిగారు. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అత్తగారు మళ్ళీ అడిగారు, ఈసారి బజారంతా వినబడేలా. నాకు అర్థమయ్యాక నా చెవులు వేడెక్కాయి. దొడ్డికి నెత్తురు పడుతోందా అని అడుగుతున్నారు, ఉప్పు ధర అడిగినంత మామూలుగా! తూకం వేసే మా ఆయన బస్తా వెనక దాక్కున్నారు. అత్తగారు కాటా ఆపేసి, ఆమెను స్వయంగా చెయ్యి పట్టుకొని సర్కారీ దవాఖానాకు తీసుకెళ్ళారు. అది నా జబ్బు కాదట, జిగట విరేచనాలట, మందులతో తగ్గిపోయింది. “ఎందుకత్తమ్మా అంత గట్టిగ అడిగిండ్రు?” అని నేను కోప్పడితే, “మనం మెల్లగ మాట్లాడే కదా నిన్ను అంతదాక తెచ్చుకున్నది” అన్నారు.

పోయిన నెలలో నాకు మళ్ళీ నెత్తురు కనబడింది. నేను చెప్పకముందే నా నడక చూసి కనిపెట్టారు. డాక్టరుకు ఫోను చేయించారు. ఆయన మళ్ళీ రోజూ సీసా మందు మొదలుపెట్టమన్నారు. అప్పటికి గుళికలే వాడుతున్నాను కాబట్టి ఇంట్లో సీసాలు లేవు. ఆ రోజు మధ్యాహ్నం బస్సుకు వస్తాయన్నారు. ఆమె పొద్దుటి నుంచి ఆ బస్సు కోసమే చూశారు. బస్సు రాకముందే వెళ్ళిపోయారు. ఇల్లంతా ఏడుపులతో నిండి ఉన్న వేళ, కండక్టరు తడిగుడ్డ డబ్బా పట్టుకొని గుమ్మంలోకి వచ్చి, లోపలి దృశ్యం చూసి, ఏం చేయాలో తోచక దాన్ని మామగారి పక్కన పెట్టి నమస్కారం చేసి వెళ్ళిపోయాడు.

అత్తగారి కూతురు, నా ఆడబిడ్డ, భోపాలపట్నం నుంచి రావాలి కాబట్టి దహనం మర్నాడు పొద్దుటికి నిర్ణయించారు. ముందు గదిలో ఆమెను పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు. చీకటి పడింది. నేను ఆమె పాదాల దగ్గర కూర్చున్నాను. పొట్టలో మెలి తిప్పుతున్నా లేవలేదు. ఒక్క పూట మందు లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. మా ఆయన కూడా “ఇయ్యాల వద్దులే” అని గొణిగారు. పెద్దత్త, “శవం ఇంట్ల ఉండంగ మందేంది, గిందేంది” అన్నారు.

అప్పుడు మామగారు తలెత్తారు. నా జబ్బు గురించి ఇన్నేళ్ళలో ఆయన నాతో ఒక్క మాటైనా మాట్లాడినవారు కారు. ఆ డబ్బా నా చేతిలో పెట్టి, అంతమంది ముందు, “పో బిడ్డా. లోపలికి పోయి పండుకో. ఆమెకు చేసేది ఏమున్నా మేము చేసుకుంటం” అన్నారు.

లోపలికి వెళ్ళి ఆమె మంచం మీద, ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. గుమ్మంలో ఎవరూ లేరు. ఇలాంటి మనిషిని నేను మళ్ళీ ఎక్కడి నుంచి తెచ్చుకుంటాను? ఈ ఇంటికి, ఈ బజారుకు ఆమె లోటు ఎవరు తీరుస్తారు? రేపు నాకు ఎక్కువైతే నా నడక చూసి కనిపెట్టేదెవరు? గోడకు అవతల ఊరి ఆడవాళ్ళంతా శోకాలు పెడుతున్నారు. మా వైపు అత్త పోతే అందరికంటే గట్టిగా ఏడవాల్సింది కోడలు. “కోడలేది? దాని గొంతు వినిపించదేంది?” అని ఎవరో అడగడం నాకు వినిపించింది. లేచి వెళ్ళి ఆ పాదాల మీద పడి గుండెలవిసేలా ఏడవాలని ప్రాణం కొట్టుకుపోయింది. కానీ ఏడిస్తే పొట్ట కదులుతుంది. కదిలితే మందు పోతుంది. చీర కొంగు నోట్లో కుక్కుకొని, చిన్న చిన్నగా ఊపిరి తీసుకుంటూ, కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే వాటినైనా తుడుచుకోకుండా అలాగే పడుకున్నాను.

ఆ రోజు నేను మీ కోసం ఏడవలేదు అత్తమ్మా. మందు నిలిచింది.